గాజు పలక గాలిలో ఉన్నంతసేపు

“మేం బరువులు ఎత్తుతాం, మా ఆవిడ ఫోన్లు ఎత్తుతుంది” అని ఆమె భర్త కొత్తగా పరిచయమైన ప్రతివాళ్ళతోనూ అంటాడు. విన్నవాళ్ళు నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. ఒక నవ్వు ఇచ్చేస్తే ఆ పూట గొడవ లేకుండా గడిచిపోతుంది కాబట్టి ఆ బేరంలో తనకి నష్టం లేదని ఆమె లెక్క. ఆ రోజు పొద్దున అతను ఆసుపత్రి ఇంజినీరుతో ఫోన్లో అదే మాట అంటుండగా ఆమె వంటింటి గట్టు దగ్గర నిలబడి టిఫిన్ డబ్బాలకి మూతలు బిగిస్తోంది. ఎదురుగా ఉప్పు సీసాకి ఆనించిన కాగితం మీద ఆసుపత్రి పెరటి బొమ్మ ఉంది. చేతులు మూతల పని చూసుకుంటున్నాయి, కళ్ళు కాగితం మీద క్రేను నాలుగో కాలిని ఇటూ అటూ జరిపి చూస్తున్నాయి. ఏ మూత ఏ డబ్బాదో ఆమె చూడనక్కర్లేదు. నాలుగో కాలు ఎక్కడ ఆనాలో తేల్చుకోవడానికి మాత్రం స్వయంగా వెళ్ళి, ఆ పెరడంతా మడమతో కొట్టి విని రావాల్సి వచ్చింది.

వాళ్ళది చిన్న క్రేన్ల వ్యాపారం. రోడ్ల మీద ఆకాశంలోకి మెడ చాచి కనిపించే క్రేన్లు వేరు, ఇది వేరు. ముడుచుకుని ఉన్నప్పుడు ఇది మామూలు ఇంటి తలుపులోంచి పడుతుంది. రబ్బరు పట్టాల మీద పాకుతూ నడవాలు దాటి, మలుపులు తిరిగి, నాలుగు గోడల మధ్య ఉన్న పెరట్లోకి వెళ్ళి, అక్కడ సాలెపురుగులా నాలుగు కాళ్ళూ విప్పుకుని నిలబడుతుంది. ఆ తర్వాత మడతలు మడతలుగా ఉన్న చేతిని చాచి, పెద్ద క్రేన్లు దరిదాపులకి కూడా రాలేని చోట బరువులు ఎత్తి పెడుతుంది. పనివాళ్ళు దాన్ని బుల్లిది అంటారు.

బుల్లిదాన్ని కొనాలన్న ఆలోచన ఆమెది. అప్పట్లో భర్తకి ఒక పెద్ద క్రేను ఉండేది, అది నెలలో సగం రోజులు షెడ్డులో నిద్రపోయేది. ఆమె కాపురానికి వచ్చిన ఇంట్లో వంటిల్లు ఎంత ఇరుకంటే, ఫ్రిజ్ తలుపు తెరిస్తే రెండో మనిషి బయటికి నడవాలి. అత్తగారు ఒక మూల కూర తరుగుతుంటే, మరిది మంచినీళ్ళ కోసం మధ్యలో దూరుతుంటే, మరిగే పాలగిన్నె పట్టుకుని ఎవరికీ తగలకుండా తిరగడం ఆమె అక్కడ నేర్చుకుంది. మోచెయ్యి ఎప్పుడు ముడవాలో, ఒళ్ళు ఎటు వాల్చాలో, ఎవరు ఎటు కదలబోతున్నారో ఒంటికే తెలిసిపోయేది. అందుకే యంత్రాలు అమ్మేచోట ఒక మూల ముడుచుకుని కూర్చున్న ఆ చిన్న క్రేనుని చూసిన రోజున ఆమెకి అది యంత్రంలా అనిపించలేదు, ఎప్పుడో ఎరిగిన మనిషిలా అనిపించింది. ఊరు ఇరుకైపోతోందండీ, ఇక ముందు ముందు రోడ్డు మీంచి అందని పనులే ఉంటాయి, ఇదొకటి కొంటే తిండికి లోటుండదు అని చెప్పింది. భర్త దాన్ని బూటు కొసతో తట్టి ఆటబొమ్మ అన్నాడు. అన్నా కొన్నాడు. ఏడాది తిరిగేసరికి ఎవరింటి విందులోనో అతని గొంతు పక్క గదిలోంచి వినిపించింది: “ఊరు ఇరుకైపోతుందని నాకు అప్పుడే తెలుసండీ.” ఆ ఇంట్లో ఆలోచనలు ఆమె దగ్గర తయారై అతని నోటి దగ్గర అమ్ముడయ్యేవి. సరుకు కదిలితే చాలు, బోర్డు మీద ఎవరి పేరుంటే ఏమని ఆమె సరిపెట్టుకుంది.

కూతురు ఒళ్ళో పాలు తాగుతుండగా బుల్లిదానికి మొదటి పని ఖాయం చేసింది ఆమె. ఆ కూతురు ఇప్పుడు హాస్టల్లో ఉండి కాలేజీలో చదువుకుంటోంది. ఇన్నేళ్ళూ పని వచ్చిన ప్రతిచోటికీ ముందు వెళ్ళేది ఆమే. తలుపు వెడల్పు కొలిచేది, గచ్చు తొక్కి చూసేది, పక్కింటి పెద్దాయన గుండె జబ్బు మనిషని తెలిస్తే ఆయన నిద్రపోయే వేళ కనుక్కుని పని జరిపేది. ఏ బరువు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళాలి, చేయి ఎంత చాచాలి, కాళ్ళు ఎక్కడ ఆనాలి, అన్నీ కాగితం మీద గీసేది. కింద భర్త సంతకం పెట్టేవాడు. పని రోజున అతను రిమోటు పెట్టె నడుముకి కట్టుకుని మీటలు కదుపుతుంటే, ఆమె అతని ఎడమ భుజం వెనకాల నిలబడి, పెదాలు కదిలీ కదలకుండా చెప్పేది: కాస్త ఎడమకండీ, ఇంకాస్త, ఆగండి, గాలి తగ్గనివ్వండి. చూసేవాళ్ళకి ఆమె ఊరికే నిలబడినట్టుండేది. రెండేళ్ళ కిందట పరీక్ష రాసి, క్రేను నడిపే లైసెన్సు తెచ్చుకుని భర్త చేతిలో పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఫొటో బాగా పడింది” అన్నాడు.

బుల్లిదాని బలానికి ఒక పద్ధతి ఉంది. చేయి దగ్గరగా ముడుచుకుని ఉన్నప్పుడు పెద్ద పెద్ద బరువులు కూడా అవలీలగా లేపుతుంది. చేయి చాచినకొద్దీ బలం తగ్గిపోతుంది. చివరంటా చాచిందంటే బియ్యం బస్తాకే వణుకుతుంది. ఈ సంగతి ఆమె పుస్తకంలో చదివినప్పుడు కొత్తదేమీ కాదనుకుంది. అత్తగారి మోకాళ్ళ దాకా, మరిది వదిలేసిన ఉద్యోగాల దాకా, పనివాళ్ళ ఇళ్ళలో జ్వరాల దాకా చేయి చాచి చాచి, తన దగ్గరికి వచ్చేసరికి పుస్తకం పేజీ తిప్పే ఓపిక కూడా మిగలని సాయంత్రాలు ఆమెకి చాలా తెలుసు.

ఆసుపత్రి పని ఒప్పుకున్న వారంలో, భోజనాల దగ్గర, భర్త సంగతి బయటపెట్టాడు. రెండో బుల్లిది వస్తోంది. దాన్ని తమ్ముడు చూసుకుంటాడు. ఆసుపత్రి అయ్యాక ఆమె ఇక పనిచోట్లకి తిరగక్కర్లేదు, ఇంట్లో హాయిగా ఫోన్లు చూసుకోవచ్చు, గీతలు గీసి ఇస్తే సరిపోతుంది. మరిది పళ్ళెంలోకి చూస్తూ, “నేనేం అడగలేదు వదినా, అన్నయ్యే” అన్నాడు. అత్తగారు మాత్రం మంచి చేశానన్న సంతోషంతో చెప్పింది.

“నేనే చెప్పానమ్మాయ్ వాడికి. నెత్తిన ఆ గిన్నె బోర్లించుకుని నువ్వు ఎండలో నిలబడుతుంటే చూడలేకపోతున్నాను. దానికి కాస్త విశ్రాంతి ఇవ్వరా అన్నాను.”

ఆమె గరిట పట్టుకుని నిలబడి ఉంది. “ఇంకాస్త వెయ్యనా?” అని అడిగింది. విశ్రాంతి అంటే ఏమిటో ఆ ఇంట్లో ఆమెకి తెలుసు. రెండు పూటలా వంట, మోకాళ్ళకి నూనె, పనివాళ్ళకి డబ్బాలు, ఆగని ఫోన్లు, మరిది చేసే పొరపాట్లని సర్దడం, ఇవన్నీ అలాగే ఉంటాయి. ఉన్నవాటిలోంచి ఒక్కటి తీసేస్తున్నారు. తీసేసేది ఆమెకి ఇష్టమైన ఒకే ఒక్కదాన్ని.

అప్పట్నుంచి గిన్నెలు తోమేటప్పుడల్లా ఆమెకి ఒక కల వచ్చేది. కళ్ళు తెరుచుకునే ఉండగా వచ్చే కల. వంటింటి పైకప్పు చప్పుడు లేకుండా లేచిపోయేది. పైనుంచి ఒక కొక్కెం దిగి వచ్చి, ముందు పొయ్యిని తీసుకునేది. తర్వాత ఫ్రిజ్, తర్వాత నీళ్ళ బిందెలు, అత్తగారి మంచం, మంచం మీద నిద్రపోతున్న అత్తగారు. ఒక్కొక్కటే మెల్లగా గుండ్రంగా తిరుగుతూ, ఎండలో మెరుస్తూ, చిన్నవైపోతూ వెళ్ళిపోయేవి. ఎవరికీ దెబ్బ తగిలేది కాదు, ఏదీ ఒలికేది కాదు. చివరికి కొక్కెం ఆమె ముందుకి వచ్చి ఆగేది. బరువెంత అని ఎవరో అడిగేవారు. జనరేటరునీ, స్నానాల తొట్టినీ, వేళ్ళతో సహా చెట్టునీ చూడగానే బరువు చెప్పగల మనిషి, ఆ ప్రశ్నకి మాత్రం తడుముకునేది. అంతలో కుళాయి కింద గిన్నె నిండి పొర్లేది.

ఆసుపత్రి పురుళ్ళకి పేరుపడింది. పాతకాలపు కట్టడం, ముందు సందు, వెనక సందు, నాలుగు వైపులా గదులు, నడిమధ్యన పెరడు. ఒక వైపు గోడకి అవతల, కిటికీల వెనకాల, పుట్టి రోజు గడవని పిల్లల ఊయలలు వరసగా ఉంటాయి. బాలింతలు పిల్లల్ని ఎత్తుకుని వానా గాలీ తగలకుండా ఎండలో కూర్చోవాలని, ఆ గోడ వెంబడి పెరట్లో సగం మీద గాజు కప్పు వేయించాలని పెద్ద డాక్టరమ్మ కోరిక. ఇనప చట్రం ముందే బిగించారు. మనిషి రెండు చేతులూ చాచినా అందనంత గాజు పలకల్ని ఒక్కొక్కటే దాని మీద పరచాలి. మోటారు చప్పుడు ఉండకూడదు, పొగ ఉండకూడదు, దుమ్ము లేవకూడదు. బుల్లిది బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి పని వాళ్ళకి వచ్చింది.

పొద్దున వాళ్ళు వెళ్ళేసరికి పెరడు అప్పుడే కడిగారు. గచ్చు మీద సన్నటి నీటిపొరలో ఆకాశం తెల్లగా పడుకుని ఉంది. బుల్లిది నడవాలోంచి వస్తుంటే నర్సులు గోడకి ఒదిగి దారి ఇచ్చారు. ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వినిపించినట్టు ఒక పసిపిల్ల ఏడుపు మొదలై, మరొకటి తోడై, రెండూ కలిసి ఆగిపోయాయి. ఆమెకి ఆ చోట కాళ్ళు నేలమీద ఆనుతున్నట్టు అనిపించలేదు. ఇదే చివరిది అని గుర్తొచ్చి, గుమ్మం చెక్కనీ, కిటికీ ఊచల్నీ, తడి గచ్చునీ దాచుకోవాల్సిన సరుకులా చూసుకుంది.

ఆమె గీసిన కాగితం ప్రకారం బుల్లిదాని నాలుగో కాలు పూలమడిలో ఆనాలి. మొక్కలు తీసి, మట్టిని దిమ్మిసతో కొట్టి గట్టిపరిచి, దుంగలు పరిచి, వాటి మీద. గంట పని. మరిది చుట్టూ చూసి, ఈ తవ్వకం అంతా ఎందుకు అన్నయ్యా, పక్కనే ఆ మూల చదునుగా రాతి పలకలు ఉన్నాయి కదా, కాలు అక్కడ పెట్టేద్దాం అన్నాడు. ఇంజినీరు ఆ మాటకి తల ఊపాడు. తమ్ముడి తెలివి నలుగురి ముందూ బయటపడినందుకు భర్త మొహం వెలిగింది.

ఆ మూల మడమతో కొడితే వేరే చప్పుడు వచ్చిందని, కింద డొల్లగా ఉందని ఆమె ఇంట్లోనే భర్తకి చెప్పింది. ఇప్పుడు అతని దగ్గరకి వెళ్ళి మెల్లగా మళ్ళీ చెప్పింది.

“నువ్వు ప్రతిదానికీ కంగారు పడతావు. ఏదైనా తేడా వస్తే యంత్రమే అరుస్తుంది కదా.”

“యంత్రానికి దాని కాళ్ళు ఎక్కడున్నాయో తెలుసండీ. కాళ్ళ కింద ఏముందో తెలీదు.”

అతను అప్పటికే అటు తిరిగేశాడు. భుజం వెనకాల ఇవాళ తమ్ముడు నిలబడతాడని, అలవాటు కావాలి కదా అని, నువ్వు నడవా తలుపు దగ్గర ఉండి లోపల్నుంచి ఎవరూ రాకుండా చూడు, అలాగే భోజనాల సంగతి కూడా చూడు అని అప్పగించాడు. పని మొదలుపెట్టే ముందు అందరికీ చెప్పే జాగ్రత్తలు మాత్రం నువ్వే చెప్పు, ఆ పాఠం నీకే బాగా వచ్చు అన్నాడు నవ్వుతూ.

ఆమె చెప్పింది. ఇన్నేళ్ళుగా చెప్పే మాటలే. పలక కింద ఎవరూ నడవకూడదు. మీట తిప్పేవాళ్ళతో ఎవరూ కబుర్లాడకూడదు. చివరగా అన్నిటికంటే ముఖ్యమైనది: “ఎవరైనా సరే, రెండు చేతులూ పైకెత్తితే పని ఆగిపోవాలి. ఎత్తింది ఎవరని చూడకూడదు. ఎందుకని అడగకూడదు. ముందు ఆగాలి, తర్వాతే అడగాలి.” పనివాళ్ళు తల ఊపారు. కొత్తగా చేరినవాడొకడు, ఊడ్చేవాళ్ళు ఎత్తినా ఆగాలా అని అడిగితే, ఊడ్చేవాళ్ళకే ముందు కనిపించొచ్చు నాయనా అంది. ఆమె మాత్రం ఆ చేతులు ఎప్పుడూ ఎత్తలేదు. అవసరం రాలేదు. ఏ తేడా కనిపించినా భర్త చెవిలో వేసేది, అతను గంభీరంగా చేయి ఎత్తి, ఆపండర్రా, నాకేదో తేడాగా ఉంది అనేవాడు.

మొదటి పలక లేచింది. కొక్కేనికి తగిలించిన రబ్బరు గిన్నెలు గాలి పీల్చి గాజుని పట్టుకున్నాయి. పలక నేలనుంచి విడివడిన క్షణం ఆమెకి ఎప్పుడూ ఒకటే అనుభవం, తన ఒంట్లోంచే ఏదో తేలికై లేచినట్టు. నిలువుగా లేచిన గాజులో ముందు పూలమడి కనిపించింది, తర్వాత కిటికీలు, కిటికీలో జుట్టు విరబోసుకుని నిలబడ్డ ఒక బాలింత, ఆమె భుజం మీద గుడ్డ చుట్టిన చిన్న తల, తర్వాత గోడ అంచు, ఆ తర్వాత అంతా మబ్బులే. పలక పక్కకి వాలింది. పెరట్లో మనుషుల మొహాల మీదుగా వెలుగు ఒకటి నెమ్మదిగా నడిచి వెళ్ళింది. పలక చట్రం మీద కూర్చున్నప్పుడు చప్పుడే కాలేదు. రెండోదీ అంతే. ఆ రెండూ క్రేనుకి దగ్గరలో ఉన్న చోట్లు. మూడోది చివరి మూలకి వెళ్ళాలి, సరిగ్గా పిల్లల కిటికీల మీదుగా. చేయి చాచినకొద్దీ బరువంతా ఆ మూల కాలి మీదకి వస్తుంది.

తలుపు దగ్గర ఆమె భోజనాల సంచి మోచేతికి తగిలించుకుని నిలబడి ఉంది. మూడో పలక గాలిలో ఉంది. అందరూ తలలు పైకెత్తి చూస్తున్నారు. ఆమె కళ్ళు మాత్రం కింద ఉన్నాయి. గచ్చు మీది నీటిపొర, అంతసేపూ కదలకుండా ఉన్నది, ఒక పక్కనుంచి కదలడం మొదలుపెట్టింది. ఆకాశం ముక్క ఒకటి సాగింది, సన్నగా దారంలా అయింది, నాలుగో కాలి కింది చెక్క దగ్గరకి జరిగి, రాతి పలకల సందులోకి దిగిపోయింది. దాని వెనకే మరో దారం. అంతా ఎంత నెమ్మదిగా, ఎంత అందంగా ఉందంటే, ఆమె ఒక్క క్షణం అది తన వంటింటి కల అనుకుంది.

నేల వాలుతోంది. దగ్గరకి వెళ్ళి చెవిలో చెప్పాలి, ఎప్పట్లా. కానీ అతను పెరటికి అవతల ఉన్నాడు. మధ్యలో గాజు పలక ఉంది. చెవిలో చెప్పడానికి నడిచి వెళ్ళేంత సమయం ఇవాళ ఆమె దగ్గర లేదు.

రెండు చేతులూ పైకి లేచాయి. సంచి జారి కింద పడి డబ్బాలు గచ్చు మీద దొర్లాయి.

పలక గాలిలో ఆగిపోయింది. భర్త చేయి ఆగాక గానీ చేతులెత్తింది ఎవరో అతను చూడలేదు. ముందే చూసి ఉంటే ఆగేవాడు కాదేమో. ఆమెని గుర్తుపట్టిన తర్వాత అతని మొహంలో ఇంట్లో కనిపించే విసుగు వచ్చింది, నోరు తెరవబోయాడు.

“కాలు దిగుతోంది. పలకని తిప్పకండి. ముందు చేయి మీ వైపుకి ముడవండి. నెమ్మదిగా. తర్వాత దించండి.”

పెరడంతా వినిపించేలా ఆమె మాట్లాడటం వాళ్ళెవరూ ఎన్నడూ వినలేదు. ఆమె కూడా వినలేదు. అతను చెప్పినట్టే చేశాడు. చేయి ముడుచుకుంది, పలక కిటికీల మీంచి వెనక్కి తేలుతూ వచ్చి స్టాండులో దిగింది. కాలు ఎత్తాక మూల రాయి ఆ పక్కనుంచి ఈ పక్కకి చీలి కనిపించింది. పనివాడు గునపం కొసతో తాకాడు. రాయి ముక్క లోపలికి జారిపోయింది. కాస్త ఆగి, కిందనుంచి నీళ్ళ చప్పుడు వచ్చింది. ఎవరికీ గుర్తులేని, నేల కింది పాత నీళ్ళ తొట్టి అది. అందులోంచి చల్లటి గాలి ఒకటి వాళ్ళ పాదాలకి తగిలింది. కిటికీ అవతల ఒక పిల్ల నిద్రలో మూలిగి మళ్ళీ పడుకుంది.

ఇంజినీరు నుదురు తుడుచుకున్నాడు. అందరికంటే ముందు తేరుకున్నది భర్త. చిన్నగా నవ్వి, “నాకు మొదట్నుంచీ ఆ మూల మీద అనుమానమేనండీ. అందుకే మా ఆవిణ్ణి అక్కడ నిలబెట్టాను, ఓ కన్నేసి ఉంచమని” అన్నాడు. మంచి పని చేశారు సార్ అన్నాడు ఇంజినీరు. చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు తేలికపడ్డాయి. అబద్ధం ఎంత చక్కగా అమరిపోయిందంటే, మరిది కూడా తల ఊపాడు.

చప్పుడు విని పెద్ద డాక్టరమ్మ బయటికి వచ్చింది. గోతిని చూసింది, కిటికీల వైపు చూసింది, తర్వాత ఆమె వైపు తిరిగి, మీకెలా తెలిసిందమ్మా అని అడిగింది.

ఇలాంటి వేళల్లో ఆమె ఏం చేస్తుందో అందరికీ తెలుసు. చిన్నగా నవ్వి పక్కకి తప్పుకుంటుంది. ఆ నవ్వుకి బదులుగా ఒక ప్రశాంతమైన సాయంత్రం దొరుకుతుంది. ఇన్నేళ్ళూ ఆ ధరకే అమ్మింది. ఆమె ఒక్కసారి మనసులో వెనక్కి వెళ్ళి ఆ సాయంత్రాలన్నీ ఎక్కడున్నాయా అని వెతికింది. కొన్న సరుకు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఒక్కటీ కనిపించలేదు. వాటినీ ఎవరో వాడేసుకున్నారు.

“ఆయన నన్ను అక్కడ పెట్టలేదండీ” అంది. గొంతులో కోపం లేదు, సరుకు ఎంతుందో చెప్పినట్టు చెప్పింది. “తలుపు దగ్గర కాపలా పెట్టారు. ఆ మూల డొల్లగా ఉందని పొద్దున చెప్పాను. వినలేదు.”

ఇప్పుడు అవన్నీ ఎందుకు అని భర్త పళ్ళ సందునుంచి గొణిగాడు. డాక్టరమ్మ అతని వైపు చూడలేదు.

“గోడకవతల ఉన్నవాళ్ళకి ఇంకా పేర్లు కూడా పెట్టలేదమ్మా. మిగతా అద్దాలు పెట్టాలంటే నాకు ఒక మనిషి కావాలి. ఏం జరిగినా నాది అనే మనిషి. ఎవరు?”

భర్త తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు గోతి వైపు చూశాడు.

“నేను” అంది ఆమె. “లైసెన్సు ఉంది.” భర్త ముందుకి వెళ్ళి చేయి చాచింది. “ఆ పెట్టె ఇటివ్వండి.”

అతను వెంటనే ఇవ్వలేదు. ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు. ఇంజినీరు చూస్తున్నాడు, పనివాళ్ళు చూస్తున్నారు, కిటికీలో బాలింత చూస్తోంది. అతను బెల్టు విప్పి, పెట్టెని ఆమె చేతిలో పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. బెల్టు అతని కొలతకి ఉంది. ఆమె తొందర లేకుండా దాన్ని బిగించుకుని, తన నడుముకి సరిపోయాక తల ఎత్తింది.

పూలమడి తవ్వారు. మొక్కల్ని వేళ్ళు చెదరకుండా తట్టల్లోకి ఎత్తి పక్కన పెట్టారు, దుంగలు పరిచారు. మరిది దగ్గరికి వచ్చి, “వదినా, నేనెక్కడ నిలబడను?” అని అడిగాడు. నాకు కనిపించేచోట నిలబడు నాయనా, చెయ్యి బాగా ఎత్తి చూపించు, భయపడి సగం సగం చూపించకు అని చెప్పింది.

మధ్యాహ్నానికి గాలి పూర్తిగా పడిపోయింది. పలకని ఒక జానెడు లేపి ఆపింది. నేల వైపు చూసింది, కాళ్ళ వైపు చూసింది, మళ్ళీ నేల వైపు. ఏదీ కదల్లేదు. అప్పుడు మీటని బొటనవేలితో మెల్లగా తోసింది. ఇంతకాలం ఆ మీటకీ ఆమెకీ మధ్య ఒక భుజం ఉండేది, ఒక చెవి ఉండేది, విన్నదాన్ని సగం చేసే ఒక మనసు ఉండేది. ఇప్పుడు ఆమె అనుకున్నదీ గాజు కదిలిందీ ఒకటే అయ్యాయి. పలక మబ్బుల్ని మోసుకుంటూ పైకి వెళ్ళింది. పిల్లల కిటికీల మీదుగా వెళ్ళేటప్పుడు లోపలి ఊయలలు ఒక్కొక్కటే అందులో కనిపించి జారిపోయాయి, నీటి మీద పడవల్లా. తన ఒళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతోందో ఆమెకి తెలియలేదు. ఆ పొడుగాటి చేయి తనదే అనిపించింది. అంత దూరం చాచినా నొప్పి లేదు. చట్రం మీద పలక ఆనినప్పుడు, నిద్రపోతున్న పిల్లని పక్క మీద పడుకోబెట్టి కింద ఇరుక్కున్న చేయి లాక్కున్నట్టు, మెల్లగా పట్టు వదిలింది.

సాయంత్రానికి గాజు కప్పు పూర్తయింది. దాని కింద గచ్చు మీద ఎండ చతురస్రాలుగా పడింది. ఎవరూ పిలవకుండానే ఆ కిటికీలోని బాలింత చెప్పులు లేని కాళ్ళతో బయటికి వచ్చి, ఒక చతురస్రంలో నిలబడి, పిల్ల మొహం మీది గుడ్డ కాస్త తొలగించింది. బుల్లిది కాళ్ళు ముడుచుకుని, వచ్చిన దారినే నడవాలోంచి పాకుతూ సందులోకి వెళ్ళింది.

లారీ మీదకి దాన్ని ఎక్కించి పట్టీలు బిగించాక ఆమె హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది.

“రెండోదాన్ని నేను నడుపుతాను” అంది భర్తతో. “కాగితాల మీద సంతకం నాదే ఉంటుంది. మీ తమ్ముడు నేర్చుకుంటానంటే నేర్పుతాను. ఇంట్లో పనికి మనిషిని పెడదాం, మిగిలింది అందరం పంచుకుందాం.”

అతను అటూ ఇటూ చూశాడు. ఇంజినీరు గేటు దగ్గరే ఉన్నాడు. మరిది పట్టీని రెండోసారి బిగిస్తూ ఉండిపోయాడు. భర్త లారీ తలుపు తెరిచి, ఎప్పుడూ అనే మాటే, మెత్తగా, నచ్చజెప్పే గొంతుతో అన్నాడు.

“సరే సరే, ముందు ఎక్కు. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం.”

ఇంటికి వెళితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. గుమ్మంలో అడుగు పెట్టగానే అత్తగారు మంచినీళ్ళు అడుగుతుంది. పొయ్యి వెలగాలి, డబ్బాలు తోమాలి. టీవీ మోగుతుంటుంది. ఈ మాట గిన్నెల చప్పుడులో ఒకసారి, కూర గరిటెల మధ్య ఒకసారి మొదలై, చివరికి ‘ఇంకాస్త వెయ్యనా’ దగ్గర ఆగిపోతుంది. ఆమె లారీ ఎక్కలేదు. తెరిచిన తలుపుని మెల్లగా మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

“ఇంట్లో వద్దండీ, ఇక్కడే మాట్లాడుకుందాం” అంది. “ఇంట్లో నేను ఎన్నిసార్లు చేతులెత్తినా మీరు ఆగలేదు. ఇక్కడ ఒక్కసారికే ఆగారు.”